ఐదో వంతు ఉత్తర్వు

"అది పేలితే ఏటి సేస్తావే?" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి యామిని వంటింటి గడప మీద కూర్చుని, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని, అందులో సన్నటి వైర్లు అతికిస్తోంది. పక్కన లారీలో పెట్టేలాంటి పెద్ద బ్యాటరీ. నాకు బ్యాటరీ కనబడితే పేలడం కనబడుతుంది. నిచ్చెన కనబడితే నడుం విరగడం కనబడుతుంది. చిన్నప్పటినుంచీ అంతే.

"పేలదమ్మా."

"పేలితే?"

"పేలదన్నాను కదే."

"అందరూ అలగే అంటారు. ఆ తరవాతే పేల్తాయి."

మేమిద్దరం ఒక్క చోటే పని చేస్తాం. సింగిరేరు హెచ్చరికల సంస్థ అని, ఏటి ఒడ్డు ఊళ్ళ కోసం పెట్టిన ఆఫీసు. నేను అటెండర్ని. చదివింది ఏడో తరగతి. పేరు సన్యాసమ్మ. యామిని డిప్లొమా చదివింది, టెక్నీషియను. సింగిరేరు ఏడాదిలో పది నెలలు ఇసకే. మధ్యలో ఇసక దిబ్బలున్నాయి, లంకలంటాం. వాటి మీద జనం పుచ్చకాయలు, దోసకాయలు వేసుకుంటారు, మేకల్ని తోలుకుంటారు. పైన రిజర్వాయరు వాళ్ళు గేట్లెత్తితే నీళ్ళొస్తాయి. నీళ్ళొచ్చే లోపు సైరన్ మోగాలి, జనం గట్టెక్కాలి. ఏటి పొడుగునా ఏడు సైరన్లున్నాయి. వాన మొదలవగానే కరెంటు పోతుంది కాబట్టి ప్రతి సైరనుకీ ఒక బ్యాటరీ. ఆ బ్యాటరీ పన్నెండు వోల్టులుండాలి. పదిన్నర కిందికి దిగిపోతే సైరను కూయదు, పిల్లి పిల్ల మూలిగినట్టు మూలుగుతుంది.

ఏ బ్యాటరీ ఎంతుందో ఆఫీసులో కూర్చుని చూడాలని యామిని ఆ డబ్బా తయారుచేస్తోంది.

"ఇదిగో, ఈ నల్ల చిప్పు చూసేవా? ఇదే కొలుస్తాది. కానీ మూడు వోల్టులు దాటితే మాడిపోతాది."

"మరి పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తావేటే! మాడదా? ఇల్లంటుకోదా?"

"అందుకే ఇవి." రంగు గీతలున్న పూసల్లాంటివి ఐదు చూపించింది. రెండు కొసలా తీగలున్నాయి. రెసిస్టర్లట. "ఐదింటినీ వరసగా కలిపేను. మేడకి ఐదు మెట్లున్నాయనుకో. మేడ మీంచి దూకితే?"

"కాళ్ళిరుగుతాయి. తల కూడా పగలొచ్చు."

"కింద ఆఖరి మెట్టు మీంచి దూకితే?"

నేను ఆలోచించాను. "మడమ బెణకొచ్చు."

"ఏమీ కాదే అమ్మా! చిప్పుని ఆఖరి మెట్టు దగ్గర పెట్టేను. బ్యాటరీలో ఐదో వంతే దానికి తగుల్తాది. పన్నెండున్నరుంటే రెండున్నర. ఆ రెండున్నరని ఐదుతో గుణిస్తే మళ్ళీ పన్నెండున్నర. అంతే."

"ఐదుతో ఎవరు గుణిస్తారు?"

"చిప్పే గుణిస్తాది."

"మర్సిపోతే?"

"చిప్పు మర్చిపోదమ్మా, అది మనిషి కాదు."

ఆ మాట నాకు ధైర్యమిచ్చింది. అలాంటిది తరచు జరగదు.

డబ్బాలు ఏడు సైరన్లకీ బిగించారు. ఆఫీసులో టీవీ లాంటి తెర పెట్టారు. తెర మీద ఏడు అంకెలు. ప్రారంభోత్సవానికి మా డైరెక్టరు విశ్వంభరం గారు తెర ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన బీపీ మనిషి. ఫైలు లావుగా ఉంటే చెవులు ఎర్రబడతాయి. యామిని నాకు చెప్పిన మెట్ల కథే ఆయనకీ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో, అంతకంటె పెద్దదేమైనా అయిందేమో అని నేను మంచినీళ్ళు తీసుకుని ముందుకెళ్ళాను.

కళ్ళు తెరిచి, "అమ్మాయీ, అనగా పూర్తి భారం ఆ చిప్పు మీద పడనివ్వరన్నమాట," అన్నారు.

"అవును సర్."

"గోరంత చిప్పుకి ఇంత రక్షణ ఉన్నది. ఏడు సైరన్లకూ, ముప్ఫై రెండు గ్రామాలకూ బాధ్యుడైన డైరెక్టరుకు లేదు! కింది నుంచి వచ్చే ప్రతి కబురూ పూర్తి వోల్టేజీతో నేరుగా నా మీద పడుతోంది. భుజంగరావ్!"

సూపరింటెండెంటు భుజంగరావు గారు అప్పటికే పెన్ను మూత తీసి ఉన్నారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు నలభై ఏడు అంటించింది నేనే. నాకు కొంత కంఠస్థం కూడా. "కింది స్థాయి నుంచి పై స్థాయికి పోవు ప్రతి సంఖ్యను, పరిమాణమును, తీవ్రతను పంపువారు ఐదుచే భాగించి పంపవలెను. అందుకొనిన వారు పై స్థాయికి పంపునపుడు మరల ఐదుచే భాగించవలెను. భాగించబడిన సమాచారమును తిరిగి గుణించుటకై గుణకాధికారి అను పోస్టు సృజించబడినది. సదరు పోస్టు భర్తీ అగు వరకు గుణించుట వాయిదా వేయడమైనది."

యామిని పరిగెత్తుకుంటూ భుజంగరావు గారి బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, నా డబ్బాలో భాగించేది ఒక్కసారే, గుణించేది ఒక్కసారి. ఇక్కడ గుమస్తా, మీరు, డిప్యూటీ, జాయింటు, నాలుగు బల్లలున్నాయి. నాలుగుసార్లు భాగిస్తే ఆరొందల పాతికలో ఒక వంతు మిగులుతుంది."

"అమ్మాయ్, నువ్వు చెప్పేది లెక్క. ఇది విధానం," అన్నారు భుజంగరావు గారు చాలా ప్రేమగా.

పెద్దవాళ్ళు సంతకం పెట్టాక నేను ఎదురాడను. ఎదురాడితే ఏమవుతుందో నాకు తెలుసు. మెమో, సస్పెన్షను, వీధిన పడడం, యామిని పెళ్ళి ఆగడం, అన్నీ ఒక్క క్షణంలో కనబడతాయి. అందుచేత ఆ సాయంత్రం డైరెక్టరు గారికి టీ తీసుకెళ్ళేటప్పుడు గ్లాసులో ఐదో వంతే పోశాను. టీ కూడా కింది నుంచి పైకి పోయేదే కదా.

ఆయన గ్లాసు వంచి అడుగు చూశారు. "ఏమిటిది?"

"టీయే బాబూ. తమరు ఐదుతో గుణించుకోవాల."

చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు "పానీయములు, ఉపాహారములు సమాచారము నిర్వచనము కిందికి రావు" అని సవరణ ఉత్తర్వు వచ్చింది. అదీ నేనే అంటించాను.

ఆ వారంలోనే రికార్డు గదిలోకి పాము దూరింది. నేను చీపురు పట్టుకుని వెళ్ళి, అరుచుకుంటూ బయటికొచ్చాను. ఐదడుగుల నాగుపాము. గుమస్తా కాగితం మీద ఒక్క అడుగు అని రాశాడు. భుజంగరావు గారు దాన్ని దాదాపు రెండున్నర అంగుళాలు చేశారు. డిప్యూటీ గారు అర అంగుళమన్నారు. జాయింటు గారి బల్ల దాటేసరికి అంగుళంలో పదో వంతు మిగిలింది. డైరెక్టరు గారు చిరునవ్వుతో, "రికార్డు గదిలో చీమలు గలవు. చీమల మందు చల్లవలెను" అని రాసి సంతకం చేశారు.

మందు చల్లడానికి నన్ను పంపారు. గుమ్మంలో నిలబడి పొట్లం విప్పి లోపలికి విసిరేసి వచ్చాను. పాము బుస్సుమంది. "మందు పని చేసిందా?" అని అడిగారు భుజంగరావు గారు. "ఐదో వంతు పని చేసింది బాబూ," అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి రాసుకున్నారు. ఆ రోజు నుంచి రికార్డు గదిలోకి ఎవరూ పోలేదు. పాత ఫైళ్ళు అడిగే వాళ్ళకి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వెళ్ళేది. పనిభారం చాలా తగ్గిందని డైరెక్టరు గారు నెలవారీ మీటింగులో చెప్పారు.

నిజానికి ఆయన బీపీ తగ్గింది. అది నేను కాదనను. మనిషి నున్నగా అయ్యారు. ఏడు సైరన్ల మీదా వచ్చిన ఫిర్యాదులన్నీ కలిపి నెలకి ఒకటి కూడా ఉండడం లేదు. పక్క ఆఫీసుల వాళ్ళు బస్సుల్లో వచ్చి చూసిపోయారు. ఒక ఆస్పత్రి వాళ్ళు నూట మూడు జ్వరాన్ని ఇరవై అని రాసి, రోగి చల్లబడిపోయాడని కంబళ్ళు కప్పారని విన్నాను. రోగి ఏమయ్యాడో నేను ఊహించాను, అడగలేదు. ఒక బడిలో పిల్లల్ని ఐదుగురికి ఒకరిగా లెక్కపెట్టి అన్నం వండారట. వండినామె నాలాంటిదే అయ్యుంటుంది, బియ్యం తన ఇష్టానికి ఎక్కువ పోసిందట. పిల్లలు బతికారు.

అప్పుడు భుజంగరావు గారి దృష్టి యామిని తెర మీద పడింది.

"ఈ ఏడో నంబరు పన్నెండు అని చూపిస్తోంది. ఎలా?"

"చిప్పు దగ్గర ఐదో వంతే ఉంటుంది సార్. అది ఐదుతో గుణించి తెరకి పంపుతుంది."

"గుణిస్తోందా? ఎవరి అనుమతితో?"

ఆయన ఉత్తర్వు నలభై ఏడు తీసి యామిని ముందు పెట్టారు.

"గుణించే అధికారం గుణకాధికారిది. ఆ పోస్టు ఖాళీగా ఉంది. ఖాళీ పోస్టు అధికారాల్ని ఒక చిప్పు చెలాయించడం ఆక్రమణ కిందికొస్తుంది. తీసెయ్."

"తీసేస్తే అంకెలకి అర్థముండదు సార్."

"అర్థం పైవాళ్ళు చూసుకుంటారు."

ఆమె చేత గుణకారం తీయించారు. ఏడు అంకెలూ పన్నెండు నుంచి రెండు మీదికి పడిపోయాయి. ఆ రెండుని నాలుగు బల్లల మీదుగా భాగించి పంపితే, డైరెక్టరు గారి దగ్గరికి చేరేసరికి అన్నీ సున్నాల్లా కనిపించాయి. ఏడు సైరన్లూ ఒక్కలాగే ఉన్నాయని, ఇంత సమానత్వం ఏ సంస్థలోనూ లేదని ఆయన మెచ్చుకున్నారు.

ఇంట్లో యామిని అన్నం కెలుకుతూ కూర్చునేది.

"ఏటయిందే?"

"ఏం లేదమ్మా. కొంచెం సమస్య."

ఆ పిల్ల ఎప్పుడూ అంతే. చిన్నప్పుడు చెయ్యి విరిగి వేలాడుతుంటే "కొంచెం నొప్పి" అంది. నేను పెంచుతానని ఆమె తగ్గిస్తుందో, ఆమె తగ్గిస్తుందని నేను పెంచుతానో తెలీదు.

"సెప్పు."

"పుల్లేటి లంక దగ్గర ఏడో నంబరు బ్యాటరీ పాడయిపోతోందే. నేను మీటరు పెట్టి కొలిచేను, పదకొండు. రోజూ దిగుతోంది. వానలు ముందున్నాయి. లంక మీద నూటముప్ఫై మంది దాకా ఉన్నారు. కొత్త బ్యాటరీకి రాసేను."

"ఎన్ని వోల్టులని రాసేవు?"

"పన్నెండు."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. "ఓసి పిచ్చిదానా, నాలుగు బల్లలు కదే. ఏడువేల ఐదొందలని రాయాల!"

"అంత అబద్ధం ఎలా రాస్తానమ్మా?"

"అబద్ధమెందుకవుద్ది, చివరికి నిజమైపోద్ది కదా?"

రాయలేదు. చదువుకున్న పిల్ల. పన్నెండు వోల్టులని రాసిన ఆ కాగితం నేనే బల్లబల్లకీ మోశాను. డైరెక్టరు గారి బల్ల మీదికి వోల్టులో యాభయ్యో వంతుగా చేరింది. ఆయన వెంటనే మంజూరు చేశారు. "ఇంత చిన్న కోరికను ఆలస్యం చేయరాదు" అని పక్కన రాశారు కూడా. స్టోరు కీపరు వోల్టులో యాభయ్యో వంతు ఇచ్చే వస్తువు కోసం రెండు రోజులు వెతికాడు. ఆఖరికి ఒక టార్చిలైటు సెల్లు కాగితంలో చుట్టి ఇచ్చాడు. కాగితం మీద, "మంజూరైన దానికంటె ఎక్కువ గలదు. ఎక్కువైన వోల్టులు వాడరాదు" అని రాసి ఉంది.

యామిని ఆ సెల్లుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ మర్నాడే ఆమెకి వానాకాలం అయ్యేదాకా ఏడో నంబరు సైరను షెడ్డులో డ్యూటీ వేశారు. షెడ్డు లంక కొసన ఉంది, అందులో సైరనూ ఒక వైర్లెస్ పెట్టే ఉన్నాయి. కింద ఇసక, చుట్టూ ఏరు. నేను నోట కొంగు కుక్కుకుని నిలబడ్డాను.

"అక్కడ నీళ్ళొస్తే?"

"సైరన్ ఉంది కదమ్మా," అంది. అని, తనే నవ్వింది.

గుణకాధికారి పోస్టుకి ఎవరూ రాలేదు. కావలసిన అర్హత "స్వల్పమును అధికముగా గ్రహించు సహజ ప్రవృత్తి" అని వేశారు. ఇంటర్వ్యూకొచ్చిన ఇద్దరూ ఎమ్మే లెక్కలు. ఐదుతో గుణించమంటే సరిగ్గా ఐదుతో గుణించారట, ప్రవృత్తి లేదని పంపేశారు. అప్పుడు జాయింటు గారు నవ్వులాటకి అన్నారో ఏమో, "మన సన్యాసమ్మ ఉందిగా! మొన్న నాకు తుమ్మొస్తే ఆస్పత్రికి ఆటో పిలిచింది" అన్నారు. డైరెక్టరు గారు నవ్వలేదు. నాకు అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. డైరెక్టరు గది బయట నా స్టూలు మీదే కూర్చోవాలి. లోపలికి పోయే ప్రతి కాగితాన్నీ ఐదుతో గుణించి చెప్పాలి.

రెండు రోజులు చేశాను. "మేడ మీద గోడకు సన్నని బీట" అని కాగితమొస్తే, "గోడ పడతాది బాబూ, పడితే జీపు మీద పడతాది, జీపులో డ్రైవరుంటాడు, ఆడికిద్దరు పిల్లలు" అని చెప్పాను. "ఏడో నంబరు దగ్గర కొద్ది లోపం" అని వస్తే చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. రెండో రోజు మధ్యాహ్నానికి డైరెక్టరు గారికి డాక్టరుని పిలవాల్సొచ్చింది. సాయంత్రం సవరణ: "గుణకాధికారి ఇకమీదట గుణించుటను మౌనముగా, మనసులోనే నిర్వహించవలెను."

పుట్టినప్పటినుంచీ నేను చేస్తున్న పనే అది. ఇప్పుడు ఉత్తర్వు కూడా ఉంది.

ఆ బుధవారం పొద్దుట్నుంచీ పైన కొండల మీద నల్లగా ఉంది. మాకు ఇక్కడ ఎండే. ఒంటిగంటకి వైర్లెస్ గదిలో ఆపరేటరు కామేశం గారు రిజర్వాయరు వాళ్ళ కబురు రాసి నా చేతికిచ్చారు. "గేట్లు ఎత్తాం. పది అడుగుల నీరు. రెండు గంటల్లో పుల్లేటి లంక చేరును."

యామిని ఉన్నది అక్కడే. అయినా పద్ధతి ప్రకారం గుమస్తా బల్ల మీద పెట్టాను.

"పది అడుగులు బాబూ. బేగి రాయండి."

"రాస్తున్నానుగా." రెండడుగులు అని రాశాడు. ఆగి, "రెండు గంటలు కూడా సంఖ్యే కదా?" అని అడిగాడు భుజంగరావు గారిని.

"ప్రతి సంఖ్యను అని ఉంది ఉత్తర్వులో," అన్నారాయన.

రెండు గంటలు కాస్తా ఇరవై నాలుగు నిమిషాలైంది. భుజంగరావు గారి బల్ల మీద నీరు ఐదంగుళాలకి దిగింది, సమయం ఐదు నిమిషాలకి. డిప్యూటీ గారు భోజనానికి వెళ్ళారు. నేను ఆయన క్యారియరు దగ్గరే నిలబడి సంతకం పెట్టించుకున్నాను. ఒక్క అంగుళం, ఒక్క నిమిషం. పెరుగన్నం మెతుకు కాగితానికి అంటింది. జాయింటు గారు మెతుకు తుడిచి అంగుళంలో ఐదో వంతు, పన్నెండు సెకన్లు అని రాశారు. డైరెక్టరు గారి తలుపు తీసేసరికి రెండు కావస్తోంది.

ఆయన కాగితం చదివారు. గడియారం చూశారు.

"అంగుళంలో ఐదో వంతు నీరు. అరికాలు తడవదు. పైగా పన్నెండు సెకన్లలో చేరునని ఉన్నది. ఈ కాగితం నా చేతికొచ్చి నిమిషమైనది. అనగా వచ్చి వెళ్ళిపోయినది కూడా. సైరన్ మోగించినచో ప్రజలు నవ్వుతారు. ఫైలు మూసివేయండి."

నేను కదల్లేదు.

"గుణించావా, సన్యాసమ్మా?"

"గుణించాను బాబూ, మనసులో. ఐదుతో గుణించినా ఒక్క అంగుళమే వస్తంది బాబూ. నాలుగుసార్లు భాగించి ఒక్కసారే గుణించమన్నారు. ఆ మొదటి కాగితం నేనే తెచ్చేను. అది పది అడుగులు బాబూ! నా కూతురు అక్కడే ఉంది!"

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. "పూర్తి వోల్టేజీ! పూర్తి వోల్టేజీతో మాట్లాడుతోంది! భుజంగరావ్!"

భుజంగరావు గారు వచ్చేలోపు నేను వైర్లెస్ గదిలో ఉన్నాను. కామేశం గారు నా మొహం చూసి లేచి నిలబడ్డారు. "నేను మంచినీళ్ళకి వెళ్తున్నాను. మైకు అదిగో. ఆ నల్ల మీట నొక్కి మాట్లాడాలని నీకు నేను చెప్పలేదు," అని బయటికి పోయారు.

"యామినీ! అమ్మీ! నేనే!"

"అమ్మా? అన్నం తిన్నాన్లే."

"అన్నం కాదే! పది అడుగుల నీరొస్తంది. గంటలో నీ దగ్గరుంటాది. సైరనెయ్యి!"

"ఆఫీసు నుంచి ఏ మెసేజీ రాలేదే?"

"ఆఫీసు దగ్గర అంగుళంలో ఐదో వంతే మిగిలిందే. పది అడుగులని నేను కళ్ళతో సూసేను."



"అమ్మా, నువ్వు పెంచి చెప్పట్లేదు కదా?"

ముప్ఫై ఏళ్ళుగా నేను పేల్చిన సిలిండర్లూ, కూల్చిన గోడలూ, తుమ్ముకి పిలిచిన ఆటోలూ అన్నీ నా ముందుకొచ్చి వరసగా నిలబడ్డాయి. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

"నీ మీదొట్టు. ఒక్క అంగుళం కలపలేదు."

"సరే విను. ఇక్కడ బ్యాటరీ పదే ఉంది, సైరన్ మోగదు. పుచ్చకాయల ట్రాక్టరుంది, దాని బ్యాటరీ పీకి తగిలిస్తాను. ఈ వైర్లెస్సుదీ అదే లైను, ముందు దీన్ని విప్పేయాల. పలక్కపోతే భయపడకు."

"భయపడకెలగుంటానే..."

టక్కుమంది. ఆ తరవాత సన్నటి చర్రుమనే చప్పుడు ఒక్కటే.

భుజంగరావు గారు మెమో పుస్తకంతో వచ్చారు. "ఎవరి అనుమతితో గుణించి చెప్పావు?"

"గుణించలేదు బాబూ. భాగించలేదు, అంతే."

దానికి ఏ ఉత్తర్వు కింద మెమో ఇవ్వాలో ఆయనకి తెలియలేదు. పుస్తకం తిరగేస్తూ నిలబడ్డారు. మా మాటలు విని డిప్యూటీ గారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. జాయింటు గారు వచ్చారు. ఆఖరికి డైరెక్టరు గారు వచ్చారు. ఆ గది ఎక్కడుందో ఆయనకి ఎవరో చూపించాల్సొచ్చింది.

"ఏం జరుగుతోంది?"

"ఏదో జరుగుతున్నట్టుంది సర్," అన్నారు భుజంగరావు గారు. "ఐదో వంతు."

"పూర్తిగా చెప్పు."

భుజంగరావు గారు పూర్తిగా చెప్పడం మర్చిపోయి చాలా నెలలైంది. కామేశం గారే గుమ్మంలోంచి చెప్పారు. పది అడుగులు, రెండు గంటలు, లంక మీద జనం, చచ్చిన బ్యాటరీ, టార్చిలైటు సెల్లు. డైరెక్టరు గారి చెవులు ఎర్రబడలేదు. తెల్లబడ్డాయి. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు. కుర్చీ లేదు. నేల మీద కూర్చున్నారు.

రెండూపది. రెండున్నర. మీట నొక్కి పిలిచాను, పిలిచాను. చర్రు తప్ప ఏమీ లేదు. రెండూ యాభై. కిటికీలోంచి చూస్తే ఏరు కనబడదు, ఎండలో సైకిలు స్టాండు కనబడుతుంది. మూడు. జాయింటు గారు ఏదో దండకం చదువుతున్నారు. మూడూపది. ఏమీ జరగనప్పుడు నాకు వంద ఆపదలు కనబడతాయి కదా, ఆ వేళ ఒక్కటీ కనబడలేదు. ఎంత ప్రయత్నించినా బొమ్మ కట్టలేదు. అదే అన్నిటికంటె భయంగా ఉంది.

మూడూ ఇరవై రెండుకి పెట్టెలో చర్రుమనడం ఆగింది.

"అమ్మా."

నేను మీట నొక్కలేకపోయాను. కామేశం గారు నొక్కారు.

"అమ్మా, ఉన్నావా? సైరన్ మోగింది. నూట ముప్ఫై నాలుగు మందిమి గట్టు మీదున్నాం. రెండుసార్లు లెక్కపెట్టేను. మేకలు కొన్ని పోయాయి. షెడ్డు పోయింది. పెట్టె ఒక్కటీ నెత్తిన పెట్టుకుని వచ్చేను, ఇప్పుడే ట్రాక్టరు బ్యాటరీకి తగిలించేను."

భుజంగరావు గారి పెన్ను అలవాటుగా ఇరవై ఆరు అని రాసి, పాయింటు పెట్టింది. డైరెక్టరు గారు నేల మీంచి చెయ్యి చాపి ఆ కాగితం లాక్కున్నారు.

"నీకేటీ కాలేదు కదా?" అన్నాను ఆఖరికి. "నిజం సెప్పు. నీకెలగుంది?"

పెట్టె పలకలేదు. లైను పోయిందని కామేశం గారు తీగలు వెతికారు. తీగలు బాగానే ఉన్నాయి. అటు నుంచి ఏటి హోరు వినబడుతోంది, ఎవరిదో పసిపిల్ల ఏడుపు వినబడుతోంది, యామిని ఊపిరి వినబడుతోంది. చాలాసేపటికి, చెయ్యి విరిగినప్పుడు కూడా కొంచెమే అన్న నా కూతురు జవాబు చెప్పింది.

"నువ్వెంత భయపడతావో, అంత భయమేసిందమ్మా."